అంకెలు, కొలతలు తెలుగులో ఎలా రాయాలి: నేను పాటిస్తున్న పద్ధతి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. హైదరాబాద్‌లో ఒక స్వచ్ఛంద సంస్థలో కొత్తగా చేరారు. రైతులకూ తల్లులకూ ఇచ్చే తెలుగు కరపత్రాలు, ఫోన్ యాప్‌లో వెళ్లే సందేశాలు రాస్తున్నారు. అంకె వేయాలా అక్షరాల్లో రాయాలా, కి.మీ. అనాలా కిలోమీటర్లు అనాలా, మిలియన్‌ని అలాగే ఉంచాలా, గజాలూ గుంటలూ వాడితే తప్పా, తెలుగు అంకెలు వాడొచ్చా అని అడిగారు. ఆఫీసులో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతుంటే టెన్షన్‌గా ఉందన్నారు. మచ్చుకు మూడు వాక్యాలు కూడా పెట్టారు. వాటి దగ్గరికి చివర్లో వస్తాను.

నేను పత్రిక డెస్కులో మొదలుపెట్టి, తర్వాత ఆరోగ్యం, వ్యవసాయం, భూమి పత్రాల అనువాదంలోకి వచ్చాను. ఈ పనిలో ముప్పై ఏళ్లు దాటాయి. మిగతా తప్పులు చాలావరకు చదివేవాళ్లే సర్దుకుంటారు. అచ్చుతప్పు పడితే సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటారు. అంకె తప్పు పడితే మాత్రం సర్దుకోవడానికి ఏమీ ఉండదు, అదే నిజమనుకుంటారు. అందుకే దీని మీద మీకు ఇంత పట్టింపు ఉండటం నాకు సంతోషంగా ఉంది.

నేను రెండే పరీక్షలు పెట్టుకుంటాను. రాసిన వాక్యాన్ని పైకి చదువుతాను. అంకె దగ్గర నోరు తడబడితే అక్కడేదో తప్పుంది. ఆ తర్వాత, చదివే మనిషి చేతిలో ఏ కొలత ఉందో ఆలోచిస్తాను. తల్లి చేతిలో మందు సీసా మూత ఉంటుంది, మేస్త్రీ చేతిలో టేపు ఉంటుంది, రైతు చేతిలో పహాణీ (భూమి రికార్డు) నకలు ఉంటుంది. ఆ చేతిలో ఉన్న కొలతతో పని జరిగేలా రాయాలి. కింద చెప్పేవన్నీ ఈ రెండింటి నుంచి వచ్చినవే.

ముందు చుక్క సంగతి చెబుతాను, ఎక్కువ తప్పులు అక్కడే జరుగుతాయి కాబట్టి. తెలుగులో ఒక్క చుక్క చేత మనం చాలా పనులు చేయిస్తున్నాం. దశాంశానికి చుక్కే, కి.మీ. లాంటి పొడి అక్షరాలకూ చుక్కే, రూపాయికి రూ. అన్నా చుక్కే, 10.30 అని టైము రాసినా చుక్కే, 15.8.2024 అని తేదీ రాసినా చుక్కే. ఇన్ని పనులు చేసే గుర్తుని చూసి చదివేవాళ్లు ఏది అనుకోవాలి?

ఉప్పల్‌లో మ్యాచ్ చూసేవాళ్లెవరికైనా 18.3 ఓవర్లంటే పద్దెనిమిది ఓవర్ల మూడు బంతులని తెలుసు. ఓవరుకి ఆరు బంతులు కాబట్టి అది పద్దెనిమిదిన్నర ఓవర్లు. అక్కడ ఎవరూ పొరబడరు, ఎందుకంటే లెక్క అందరికీ ఒకటే. మనిషి ఎత్తు దగ్గరికి వచ్చేసరికి ఆ ధీమా ఉండదు. పెళ్లి సంబంధాల వివరాల్లో 5.10 అని రాస్తారు, ఐదడుగుల పది అంగుళాలని అర్థం. దాన్ని ఎక్సెల్‌లో కొడితే చివరి సున్నాని తీసేసి 5.1 చేస్తుంది. చదివేవాళ్లు ఐదడుగుల ఒక అంగుళం అనుకుంటారు. తొమ్మిది అంగుళాలు పోయాయి! 5 అడుగుల 10 అంగుళాలు అని రాస్తే నాలుగు అక్షరాలు ఎక్కువవుతాయి, అంతే.

టైము కూడా అంతే. ఉదయం 10.30కి మీటింగ్ అంటే పత్రికల అలవాటు వల్ల అందరికీ అర్థమవుతుంది. కానీ ‘ప్రయాణానికి 2.30 గంటలు పడుతుంది’ అని రాస్తే రెండున్నర గంటలా, లేక రెండు గంటల పద్దెనిమిది నిమిషాలా? దశాంశంగా తీసుకుంటే రెండోదే వస్తుంది. గడియారం టైముకి నేను 10:30 అని రెండు చుక్కలు వాడతాను. ఎంతసేపు అనే దానికి ‘రెండున్నర గంటలు’ అనో, ‘2 గంటల 20 నిమిషాలు’ అనో విడమరిచి రాస్తాను.

ఇక భూమి. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి. మా చిన్నమామది షాద్‌నగర్ అవతల ఊరు. కొన్నేళ్ల కిందట పొలం అమ్మకానికి ఒప్పంద పత్రం టైపు చేయించారు. ఆయన కళ్లకి పొర వచ్చి చదవలేక నన్ను పిలిచి పైకి చదవమన్నారు. వేపచెట్టు కింద మంచం మీద కూర్చుని చదువుతున్నాను. విస్తీర్ణం దగ్గర ‘2 ఎకరాల 20 సెంట్లు’ అని ఉంది. ఆయన చుట్ట పక్కన పెట్టారు.

‘ఇరవై సెంట్లేంది బిడ్డా? మాది రెండెకరాల ఇరవై గుంటలు గదా. అర్ధెకరం ఏడవాయె?’

పాత పహాణీ నకలు తీసి చూశాం. అందులో 2.20 అని ఉంది. తెలంగాణ రెవెన్యూ కాగితాల్లో చుక్కకి ముందుది ఎకరాలు, వెనకది గుంటలు. ఎకరాకి 40 గుంటలు, కాబట్టి 2.20 అంటే రెండున్నర ఎకరాలు. టైపు చేసినాయన కోస్తా వైపు మనిషి. అక్కడ ఎకరాని వంద సెంట్లుగా లెక్కేస్తారు, 2.20 అంటే రెండెకరాల ఇరవై సెంట్లే. ఆయన తన ఊరి లెక్కలో సరిగ్గానే చదివాడు. తేడా ముప్పై సెంట్లు, అంటే 12 గుంటలు. గుంటకి 121 చదరపు గజాలు కాబట్టి 1,452 చదరపు గజాలు. సంతకాలు కాకముందే దొరికింది గనక బతికిపోయాం.

ఆ రోజు నుంచి నేను భూమి విస్తీర్ణానికి చుక్క వాడను. ‘2 ఎకరాల 20 గుంటలు’ అని రాస్తాను. చోటు లేకపోతే ‘2 ఎ. 20 గుం.’ అని రాస్తాను. ప్రమాణ కొలత కూడా కావాలంటే పక్కన హెక్టార్లు పెడతాను. హెక్టారు దాదాపు 2.47 ఎకరాలు, కాబట్టి ఇది ఒక హెక్టారు కంటే కాస్త ఎక్కువ. మా మామ పైకి చదివించుకున్నందుకే ఆ తప్పు దొరికింది. పైకి చదివి చూడటం నాకు అలా అలవాటైంది.

మందుల విషయంలో చుక్క మరీ ప్రమాదం. ‘.5 మి.లీ.’ అని ఎప్పుడూ రాయకండి. ముందు సున్నా తప్పనిసరి, 0.5 అనే రాయాలి. చిక్కడపల్లిలో ఒక ప్రెస్‌లో పసిపిల్లల చుక్కల మందు కరపత్రం ప్రూఫు చూస్తుంటే, జిరాక్సు కాపీలో చుక్క ఎగిరిపోయి ‘5 మి.లీ.’ అని కనిపించింది. ముందు సున్నా ఉండి ఉంటే 05 అని వింతగా కనబడేది, ఎవరైనా ఆగి చూసేవారు. అదే లెక్కన, పూర్తి అంకె తర్వాత అనవసరంగా చుక్కా సున్నా పెట్టకండి. 5.0 లో చుక్క పోతే 50 అవుతుంది. చేతనైతే అసలు చుక్కే రాకుండా చూడండి: ‘అర మి.లీ. (0.5 మి.లీ.)’ అని అక్షరాలూ అంకె రెండూ పెడితే ఒకటి చెరిగిపోయినా రెండోది నిలబడుతుంది.

ఇన్సులిన్ గురించి రాసేటప్పుడు యూనిట్లని పూర్తిగా ‘యూనిట్లు’ అనే రాయండి. ఇంగ్లిష్ యు అక్షరం ఒక్కటే పెడితే చేతిరాతలో సున్నాలా కనబడుతుంది. మన దగ్గర మి.లీ.కి 40 యూనిట్లుండే సీసాలూ, 100 యూనిట్లుండే సీసాలూ రెండూ దొరుకుతాయి, వాటి సిరంజీలు వేరు. ‘సిరంజీలో 20 గీత వరకు’ అని రాస్తే సరిపోదు, ఏ సిరంజీయో కూడా చెప్పాలి.

పొడి అక్షరాలకి వస్తున్నాను. కి.మీ., సెం.మీ., మి.మీ., కి.గ్రా., మి.లీ. అన్నవి తెలుగు పాఠకులకి బాగా అలవాటైనవి, వాడుకోండి. చుక్కలతోనా, చుక్కల్లేకుండా కిమీ అనా అన్న వాదన ఎప్పటినుంచో ఉంది. అంతర్జాతీయ ప్రమాణాల్లో ఇంగ్లిష్ గుర్తుల తర్వాత చుక్క పెట్టరు, బహువచనమూ చేయరు. కానీ ఆ నియమం రోమన్ గుర్తులకి. తెలుగులో ఇవి మాటల మొదటి అక్షరాలు, కాబట్టి చుక్క పెడితే ఇది పొడి అక్షరమని తెలుస్తుంది. నా ఓటు చుక్కలకే. ముఖ్యంగా మీటరు దగ్గర. ‘5 మీ దూరంలో’ అని రాస్తే ‘మీ’ అంటే మీటర్లా, మీరూ మీదీ అనే ‘మీ’యా? ఒంటరిగా వచ్చినప్పుడు మీటరుని నేను ఎప్పుడూ పూర్తిగానే రాస్తాను.

ఇంకో చిక్కు, మీ ఆఫీసులో ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు. మి. కీ మీ. కీ తేడా ఒక్క దీర్ఘమే. ‘మి.’ మిల్లీకి, ‘మీ.’ మీటరుకి. చిన్న అక్షరాల్లో అచ్చు వేస్తే ఆ దీర్ఘం కనపడదు. పైగా కరెంటు వార్తల్లో ‘మి.యూ.’ అని మిలియన్ యూనిట్లకి వాడతారు. అంటే అదే ‘మి.’ ఒకచోట వెయ్యో వంతు, ఇంకోచోట పది లక్షలు. ఈ రెంటి మధ్య తేడా వంద కోట్ల రెట్లు. అందుకని మిలియన్‌కి పొడి అక్షరం వాడకండి. మైక్రోగ్రాములకీ వాడకండి. ‘మై.గ్రా.’ చూసి ‘మి.గ్రా.’ అనుకుంటే వెయ్యి రెట్లు తేడా వస్తుంది, థైరాయిడ్ మాత్రలు మైక్రోగ్రాముల్లోనే ఉంటాయి.

అంకెకీ కొలతకీ మధ్య ఖాళీ ఉండాలి: 5 కి.మీ., 200 గ్రా. ఇది ప్రమాణాల్లో ఉన్న నియమమే, కంటికీ హాయి. ఆ ఖాళీ దగ్గర వాక్యం తెగి అంకె పై లైనులో, కొలత కింది లైనులో పడకుండా యాప్ చేసేవాళ్లతో విడిపోని ఖాళీ పెట్టించండి. ఇంగ్లిష్ గుర్తులే వాడాల్సి వస్తే కిలోకి చిన్నబడి కె (k). పెద్దబడి కె (K) ఉష్ణోగ్రత కొలత కెల్విన్‌ది. లీటరుకి మాత్రం పెద్దబడి, చిన్నబడి రెండూ ఒప్పుకున్నారు, ఎందుకంటే చిన్నబడి ఎల్ ఒకటి అంకెలా కనపడుతుంది.

విభక్తులు ఎలా తగిలించాలని మీరు అడగలేదు గానీ మీ వాక్యాల్లో ఆ తప్పు ఉంది. ‘5 కి.మీ.ల దూరం’, ‘2 మి.లీ.ల మందు’, ‘రూ.500లకు’ ఇవన్నీ నోటితో చదివి చూడండి. ‘ఐదు కిలోమీటర్ల దూరం’ అని చదువుతాం, అందులో ‘ల’ ముందే ఉంది. పొడి అక్షరంలోనే బహువచనం ఇమిడిపోయింది, మళ్లీ ‘ల’ పెట్టక్కర్లేదు. ‘5 కి.మీ. దూరం’, ‘రూ.500కు’ చాలు. ‘రూ.500 రూపాయలు’ అంటే రూపాయి రెండుసార్లు వచ్చింది. తేదీకి ‘ఆగస్టు 15న’, సంవత్సరానికి ‘2024లో’ అని అంకెకి ఆనించే రాయాలి, మధ్యలో ఖాళీ వద్దు. ‘1వ తరగతి’, ‘2వ కాన్పు’ అని ఎవరూ పలకరు. ఒకటో తరగతి, రెండో కాన్పు అంటాం, అలాగే రాయండి. పది దాటాక 12వ, 25వ పర్వాలేదు, కన్ను చూసి నోరు ‘పన్నెండో’, ‘ఇరవై ఐదో’ అనేస్తుంది.

మనుషుల్ని లెక్కపెట్టడంలో తెలుగుకి ప్రత్యేకమైన మాటలున్నాయి. ఇద్దరు, ముగ్గురు, నలుగురు, ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు. వీటిని అక్షరాల్లోనే రాయాలి. ‘2 పిల్లలు’, ‘3 మంది ఆశా కార్యకర్తలు’ అని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. మనుషుల్ని సరుకుల్లా లెక్కపెట్టినట్టుంటుంది. ఎనిమిది నుంచి ‘మంది’ సహజంగా వస్తుంది, అక్కడ ‘8 మంది’, ‘35 మంది’ అని అంకె వేసుకోవచ్చు.

నుడికారంలో ఉన్న అంకెల జోలికి వెళ్లకండి. నాలుగు మెతుకులు, పది మందిలో మాట, ఒకటీ అరా, వందసార్లు చెప్పాను, ఇరవై నాలుగ్గంటలూ... ఇవి లెక్కలు కావు, మాటలు. ‘4 మెతుకులు తిని’ అని రాస్తే ఎవరైనా నిజంగా లెక్కపెట్టారేమో అనిపిస్తుంది. ఉజ్జాయింపు మాటలూ అంతే. ‘5-6 రోజులు’ కంటే ‘ఐదారు రోజులు’ మంచిది. మధ్యలో గీత తీసివేత గుర్తులా కనబడదు, పైకి చదవడమూ తేలిక. ఏడెనిమిది, పదీ పదిహేను, నలభై యాభై... ఈ జంటలన్నీ భాషలో సిద్ధంగా ఉన్నాయి. పెళ్లి కట్నాల్లో నూట పదహార్లు, వెయ్యి నూట పదహార్లు కూడా అక్షరాల్లోనే అందం. రసీదు రాస్తున్నారంటే మాత్రం రూ.1,116 అని అంకె వేయండి.

మిగతా చోట్ల నా పద్ధతి: మామూలు కథనంలో పది వరకు అక్షరాలు, పైన అంకెలు. కొలత పక్కన ఉంటే ఒకటైనా అంకే: 3 గ్రా., 7 రోజుల మోతాదు. ఒకే వాక్యంలో ఒకదానితో ఒకటి పోల్చే సంఖ్యలుంటే అన్నీ ఒకే రకంగా ఉండాలి. ‘ఎనిమిది నుంచి 12కి పెరిగింది’ అని రాయకూడదు.

పావులూ అరలూ తెలుగులో ఎంత చక్కగా పలుకుతాయో చూడండి: ఒకటింబావు, ఒకటిన్నర, ముప్పావు, పావు తక్కువ మూడు. హైదరాబాద్‌లో వీటి పక్కన ఉర్దూ మాటలు కూడా నడుస్తాయి. పాతబస్తీలో ఎవరినైనా కలిసి వాళ్ల మాటలు తెలుగులో రాస్తుంటే జాగ్రత్త: సవా అంటే పావు ఎక్కువ, డేఢ్ ఒకటిన్నర, ఢాయీ రెండున్నర, పౌనే అంటే పావు తక్కువ. ‘పౌనే దో’ ఒకటీ ముప్పావు, రెండూ ముప్పావు అనుకుని చాలామంది తప్పు రాస్తారు.

మిలియన్ విషయంలో నాకు అనుమానమే లేదు, మార్చేయండి. మిలియన్ పది లక్షలు, బిలియన్ వంద కోట్లు, ట్రిలియన్ లక్ష కోట్లు. ఒక కాగితం మీద రాసి టేబుల్ ముందు అంటించుకోండి, హడావుడిలో సున్నాలు జారిపోతాయి. కామాలు కూడా మన పద్ధతిలోనే పెట్టాలి. 2011 జనగణనలో హైదరాబాద్ జిల్లా జనాభాని ఇంగ్లిష్ నివేదికల నుంచి తీసుకుంటే 3,943,323 అని ఉంటుంది. తెలుగులో 39,43,323. కామా ఉన్నచోటే నోరు ఆగుతుంది: ముప్పై తొమ్మిది లక్షల, నలభై మూడు వేల, మూడు వందల ఇరవై మూడు. మొదటి పద్ధతి కామాలతో ఇది పైకి చదవమంటే ఎవరైనా వేలు పెట్టి అంకెలు లెక్కపెట్టుకోవాల్సిందే. శాస్త్ర పత్రాల్లో కామా బదులు మూడేసి అంకెలకి ఖాళీ వదిలే పద్ధతి ఉంది. కొన్ని దేశాల్లో దశాంశానికే కామా వాడతారు, 2003లో తూనికలు కొలతల అంతర్జాతీయ మహాసభ చుక్కనీ కామానీ రెండింటినీ ఒప్పుకుంది కూడా. యూరప్ నుంచి వచ్చిన పత్రం అనువదిస్తుంటే 1,5 అంటే ఒకటిన్నర కావచ్చు, చూసుకోండి. కరపత్రంలో అంత ఖచ్చితమైన సంఖ్య కూడా అక్కర్లేదు, ‘దాదాపు 39 లక్షలు’ అంటే సరిపోతుంది.

కొలతలు మార్చడం దగ్గర అందరూ అతి చేస్తారు. ‘సుమారు వంద అడుగుల లోతు బావి’ అని ఉంటే ‘సుమారు 30.48 మీటర్ల లోతు’ అని రాసేస్తారు. మూలంలో ఉన్నది కంటిచూపు అంచనా. అనువాదంలో అంగుళం తేడా లేని కొలత అయిపోయింది. ‘సుమారు 30 మీటర్లు’ అనాలి. అంచనా అనువాదంలోనూ అంచనాగానే ఉండాలి.

కొన్నిచోట్ల అసలు మార్చనే కూడదు. హుస్సేన్ సాగర్ దగ్గర 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించిన అంబేడ్కర్ విగ్రహం 125 అడుగులు. ఆయన 125వ జయంతిని గుర్తుచేసే అంకె అది. 38.1 మీటర్లు అని మారిస్తే లెక్క తప్పదు గానీ అర్థం పోతుంది. ముచ్చింతల్‌లోని రామానుజాచార్యుల విగ్రహం 216 అడుగులు, అంటే రెండు నూట ఎనిమిదులు. ఖైరతాబాద్ గణపతిని 1954లో ఒక్క అడుగుతో మొదలుపెట్టి చాలా ఏళ్లపాటు ఏటా ఒక్కో అడుగు పెంచుకుంటూ వెళ్లారు, డెబ్భై ఏళ్లు నిండాయని 2024లో 70 అడుగులు చేశారు. ఇలాంటిచోట అడుగులే రాయాలి. మీటర్లు కావాలంటే పక్కన బ్రాకెట్లో పెట్టండి.

చెరువుల నీటిమట్టాల దగ్గర హైదరాబాద్‌కి ఒక విచిత్రమైన ఇబ్బంది ఉంది. గండిపేట, అంటే ఉస్మాన్ సాగర్ పూర్తి మట్టం 1,790 అడుగులు. హిమాయత్ సాగర్‌ది 1,763.50 అడుగులు. హుస్సేన్ సాగర్‌ది 513.41 మీటర్లు. మూడూ సముద్రమట్టం నుంచి కొలిచినవే. వానాకాలంలో ఒకే వార్తలో మూడూ వస్తాయి. చెరువు గట్టున ఉండేవాళ్లకి ఇందులో ఏ అంకె వల్లా ఉపయోగం లేదు. వాళ్లకి కావాల్సింది ‘నిండటానికి ఇంకా రెండడుగులే ఉంది’ అన్న మాట. పత్రికలో ఉన్నప్పుడు నేను మొదటి వాక్యం అలా రాసి, అధికారిక మట్టం రెండో వాక్యంలో ఇచ్చేవాణ్ని. టీఎంసీ కూడా అంతే. వంద కోట్ల ఘనపుటడుగులు అని చెబితే కళ్లకి కట్టదు. రోజంతా సెకనుకి 11,574 ఘనపుటడుగుల చొప్పున పారితే ఒక టీఎంసీ అవుతుంది. గేట్ల దగ్గర ఎన్ని క్యూసెక్కులు వదులుతున్నారో వింటున్నవాళ్లకి ఈ లెక్క వెంటనే అందుతుంది. వానని మిల్లీమీటర్లలో చెప్పినా సెంటీమీటర్లలో చెప్పినా సరే, ఒకే కథనంలో రెండూ కలపొద్దు. 2000 ఆగస్టులో బేగంపేటలో ఒక్క రోజులో కురిసింది 24 సెం.మీ. పైనే. దాని పక్కన ‘నిన్న 90 మి.మీ.’ అని రాస్తే నిన్నటిదే పెద్ద వాన అనిపిస్తుంది.

గజాలూ గుంటలూ తులాలూ వాడితే తప్పా అన్నారు. మన దేశంలో మెట్రిక్ కొలతలకి 1956లో చట్టం వచ్చింది, 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి నూరు నయా పైసలయ్యాయి. చట్టం ప్రకారం లావాదేవీల్లో ప్రమాణ కొలత ఉండాల్సిందే. అయినా జనం నోట్లో పాత కొలతలు బతికే ఉన్నాయి, కరపత్రం జనం నోటికి అందాలి. ప్లాటుని ‘200 చదరపు గజాలు (దాదాపు 167 చదరపు మీటర్లు)’ అని రాస్తాను. మాటల్లో ‘రెండొందల గజాలు’ అంటారు గానీ గజం పొడవు కొలత, రాతలో ‘చదరపు’ తీసేయకండి. తులంతో మాత్రం జాగ్రత్త. ఇప్పుడు బంగారం షాపుల్లో తులమంటే 10 గ్రాములు, పాత తులం 11.66 గ్రాములు. మా అమ్మమ్మ కాలం నాటి కాగితంలో ‘ఐదు తులాలు’ అని ఉంటే అది యాభై ఎనిమిది గ్రాములకి పైనే. అందుకని గ్రాములు ముందు, తులం బ్రాకెట్లో.

నిజాం కాలం కాగితాలు మీ చేతికి వస్తే ఇంకో రెండు గుర్తుపెట్టుకోండి. అప్పటి రూపాయి హాలీ సిక్కా. బ్రిటిష్ ఇండియా రూపాయిలతో చూస్తే ఏడు హాలీలకి ఆరు రూపాయలు. సంవత్సరం ఫసలీలో, అంటే అప్పటి రెవెన్యూ లెక్కల సంవత్సరంలో ఉంటుంది. 590 కలిపితే దాదాపుగా మనకి తెలిసిన సంవత్సరం వస్తుంది: ఫసలీ 1357 అంటే 1947-48. మూలంలో ఉన్న అంకెని చెరపకుండా ఉంచి, మీ లెక్క పక్కన పెట్టండి.

తెలుగు అంకెల మీద నాకు ప్రేమ ఉంది. ౧, ౨, ౩ అని పంచాంగాల్లో, పాత పుస్తకాల పేజీల్లో చూస్తే మనసుకి బాగుంటుంది. కానీ మందు మోతాదులో, ఫోన్ నంబర్లో, భూమి కొలతలో వాడొద్దు. ఇప్పటి పాఠకుల్లో ఎక్కువమంది ౬కీ ౯కీ మధ్య ఒక్క క్షణం ఆగుతారు, కరపత్రంలో ఆ ఆలస్యం ఉండకూడదు. రాజ్యాంగం 343వ అధికరణ కేంద్ర ప్రభుత్వ వ్యవహారాలకి చెప్పిన ‘భారతీయ అంకెల అంతర్జాతీయ రూపం’ కూడా మనం రోజూ వాడే 1, 2, 3లే. అవీ మనవే అన్నమాట. పుస్తకం అట్ట మీదా, అధ్యాయం తలమీదా తెలుగు అంకెలు నిండుగా వాడండి. టైపు చేసేటప్పుడు మాత్రం ఒకటి చూసుకోండి. తెలుగు సున్నా అంకె ౦, అక్షరం పక్కన వచ్చే సున్న ం, రెండూ చూపుకి ఒకటే, కంప్యూటర్‌కి వేరు. ‘పంట’లో సున్న బదులు అంకె పడితే కంటికి తేడా తెలియదు, యాప్‌లో వెతికితే ఆ మాట దొరకదు. నేను ఒక పూట మొత్తం అలాంటి ఒక్క అక్షరం కోసం వెతికాను.

ఇప్పుడు మీ వాక్యాలు.

మొదటిది: ‘ఈ పథకం ద్వారా 1.2 మిలియన్ల రైతులు లబ్ధి పొందారు.’ దీన్ని ‘ఈ పథకం వల్ల 12 లక్షల మంది రైతులకు మేలు జరిగింది’ అనండి. మిలియన్ పోయింది, చుక్క పోయింది, ‘మంది’ వచ్చింది.

రెండోది: ‘1వ కాన్పు అయిన 3 మంది తల్లులకు 1.30 గంటల శిక్షణ 05/06న.’ తొలి కాన్పు తల్లులు ముగ్గురు, గంటన్నర శిక్షణ. తేదీ ఐదో నెల ఆరా, ఆరో నెల ఐదా? జూన్ 5 అయితే ‘జూన్ 5న’ అని నెల పేరు రాయండి, వారం కూడా పెట్టండి. తల్లులు తేదీ కంటే వారాన్నే గుర్తుపెట్టుకుంటారు. ‘తొలి కాన్పు అయిన ముగ్గురు తల్లులకు జూన్ 5న, గురువారం, గంటన్నర శిక్షణ ఉంటుంది.’ వారం క్యాలెండర్ చూసి సరిచేసుకోండి, నేను ఊహించి వేశాను.

మూడోది మీరు అన్నిటికంటే తేలికనుకున్నారు, అదే కష్టమైంది: ‘లీటరు నీటికి 2మి.లీ.ల మందు కలిపి 1 ఎకరాకు 200లీ.ల ద్రావణం పిచికారీ చేయాలి.’ ఖాళీలు, ‘ల’లు సరిచేస్తే వాక్యం శుభ్రపడుతుంది. కానీ పొలంలో నిలబడ్డ రైతుని తలుచుకోండి. ఆయన లీటరు లీటరు చొప్పున మందు కలపడు. భుజాన 16 లీటర్ల ట్యాంకు ఉంటుంది. లీటరుకి రెండైతే ట్యాంకుకి ఎంతో ఆయన ఎండలో నిలబడి లెక్కేసుకోవాలి. ఆ లెక్క మనం ఇక్కడ నీడలో కూర్చుని వేసి ఇవ్వాలి. నేనైతే ఇలా రాస్తాను:

‘16 లీటర్ల ట్యాంకు నీటికి 32 మి.లీ. మందు కలపండి (లీటరుకు 2 మి.లీ. చొప్పున). ఎకరాకు 200 లీటర్ల నీరు పడుతుంది, అంటే పన్నెండున్నర ట్యాంకులు. ఎకరా మొత్తానికి 400 మి.లీ. మందు చాలు.’

అచ్చుకి పంపే ముందు ఆ మందు సీసాతో వచ్చే కొలమూత తెప్పించి చూడండి. మూత మీద 32 దగ్గర గీత ఉండదు, 30 దగ్గరో 35 దగ్గరో ఉంటుంది. అప్పుడు మీ సంస్థలోని వ్యవసాయ అధికారిని అడిగి, ఏ గీత వరకు పోయాలో ఆయన చేతే చెప్పించి, ఆ గీతనే కరపత్రంలో రాయండి.